బారసాల కాని కొమ్మలు

నూట అరవై మూడో సంవత్సరం, దుమ్ముకాలం, 4వ తేదీ

పొద్దున లేవగానే గాలి జల్లెడ విప్పి దులిపాను. గుప్పెడు ఎర్రదుమ్ము రాలింది. పారెయ్యలేదు. జిగురులో కలిపితే వంశపటం గీయడానికి రంగవుతుంది, ఈ ఊళ్ళో ఆ పని నాది. తర్వాత కిటికీ అద్దం తుడిచాను. ఈ అంతస్తు మొత్తానికి కిటికీ ఉన్న గది నాదొక్కటే. బయట చూడ్డానికేముంది గనక, ఎర్రనేల, దూరంగా మా పూర్వులు దిగిన ఓడ మొండెం. అయినా నా గదికి వచ్చినవాళ్ళు ముందు కిటికీ దగ్గరికే పోయి నిలబడతారు, నా మొహం తర్వాత చూస్తారు.

నీటి గడప ఇంటి పెద్ద శేషారత్నంగారు మాత్రం కిటికీ వంక చూడరు. నాకు దాన్ని ఇప్పించింది ఆవిడే.

"తాయారూ, పటం దించి దులుపు. పదహారో తారీఖున చదవాలి," అన్నారు పీట మీద కూర్చుంటూ.

"ఎవరికండీ సంబంధం?"

"ఎవరికేంటి, మా ప్రద్యుమ్నకీ వకుళకీను."

నా చేతిలో గుడ్డ అలాగే ఆగిపోయింది. ప్రద్యుమ్న ఆవిడ కొడుకు కొడుకు. వకుళ ఆవిడ కూతురు కూతురు. అందులో వింతేం లేదు, మా ఏడు ఇళ్ళలో మేనరికం కాని పెళ్ళి వెతికితే గానీ దొరకదు. కానీ వకుళ అక్క సువర్చలని ఇదే ప్రద్యుమ్నకి చేశారు. మూడేళ్ళు కాపురం చేశాక, సంతు లేదని పుట్టింటికి పంపేశారు. అది జరిగి అయిదేళ్ళు. ఇప్పుడు ఆ చోటు చెల్లెలితో నింపుతున్నారు. పటం మీద సువర్చల పేరు కింద 'సంతు లేదు' అని రాసింది ఈ చేతులే.

"మాట్లాడవేం?"

"రంగుకి దుమ్ము సరిపోతుందో లేదో అని చూస్తున్నానండీ," అన్నాను. అబద్ధం నాకు ఎంత తొందరగా వస్తుందో.

5వ తేదీ

బిందె పట్టుకుని నీటి గడపకి వెళ్ళాను. శేషారత్నంగారికి నలతగా ఉందని ప్రద్యుమ్న వచ్చి తలుపు పక్కనున్న పలక మీద వేలు పెట్టాడు. సూది గుచ్చింది, ఎర్రచుక్క కనిపించింది, తలుపు జరిగింది. ఈ ఊళ్ళో నాలుగు వందల గొంతులు తడవాలంటే రోజూ ఆ ఒక్క చుక్క రాలాలి. ఓడ దిగినవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు నమ్మక, ఎవరి గదికి వాళ్ళ వంశం నెత్తురే తాళంచెవిగా పెట్టుకున్నారు. తాళం మార్చే విద్య వాళ్ళతోనే పోయింది. నీళ్ళది ఒక గడప, గాలిది ఒక గడప, అలా ఏడు. ఆ నెత్తురు పుట్టినవాళ్ళందరికీ దిగదు, శేషారత్నంగారి కూతురికి నీటిది దిగలేదు. రెండు గడపలు తెరిచే బిడ్డ పుడితే ఆ ఇంటి మాటకి ఎదురుండదు. అందుకే ఈ పెళ్ళిళ్ళన్నీ.

"ఇటివ్వండి తాయారమ్మగారూ, నేను పడతాను," అన్నాడు ప్రద్యుమ్న బిందె అందుకుని. నెమ్మదైన మనిషి. ముప్పై రెండేళ్ళకే చెంపలు నెరిశాయి.

"సంబంధం సంగతి విన్నాను బాబూ," అన్నాను.

"నాయనమ్మ అంది. నన్నెవరడిగారు గనక," అన్నాడు. వేలు నోట్లో పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

6వ తేదీ

వకుళ వచ్చింది. అందరిలాగే కిటికీ దగ్గరికి వెళ్ళింది, తర్వాత నా పక్కన చేరి జిగురు గిన్నె కలిపింది. పంతొమ్మిదేళ్ళు. వాళ్ళ నాన్న నాకు పినతండ్రి కొడుకు, అందుకని నేను వాళ్ళకి మేనత్తని. వాళ్ళమ్మ పోయాక అక్కచెల్లెళ్ళిద్దరికీ తల దువ్వింది నేనే.

"అత్తా, నిజం చెప్పు. అక్కకి పుట్టిన ఇద్దరినీ గడప ఒప్పుకోలేదటగా. నా పిల్లల్ని ఒప్పుకుంటుందంటావా?"

"ఎవరు చెప్పారే నీకు?"

"అమ్మమ్మే. అక్కది పలచని నెత్తురట. నాది చిక్కన అంది." మణికట్టు చూపించింది, అక్కడ రాసిపెట్టి ఉన్నట్టు.

నేను దువ్వెన తీసుకుని దాని జడ విప్పాను. చిక్కు లేని జుట్టుకి గంటసేపు చిక్కు తీశాను. మొహం చూడకుండా ఉండటానికి అంతకంటే మంచి పని దొరకలేదు. గడప ఒప్పుకుంది. ఆ రెండో బిడ్డని తొమ్మిదో రోజున గడప చూపించడానికి తీసుకెళ్ళినప్పుడు సాక్షిగా వెనక నడిచింది నేను. మడమ మీద సూది గుచ్చారు, తలుపు జరిగింది, లోపల నీళ్ళ చప్పుడు కూడా విన్నాను.

సూది గుచ్చిన రోజు నెత్తురు ఆగింది. మర్నాడు మళ్ళీ ఊరింది. బాలింతకి ఒంట్లో బాగాలేదని బిడ్డని నా ఒళ్ళో పెట్టారు. కట్టు మార్చాను. మళ్ళీ తడిసింది. మళ్ళీ మార్చాను. పన్నెండో రోజు పొద్దున బిడ్డ నా ఒళ్ళోనే చల్లబడింది. పక్కన శేషారత్నంగారు నిలబడి, "గడప ఒప్పుకోలేదు. అంతే. ఎవరడిగినా అంతే," అన్నారు.

ఆ నెలాఖరుకి నాకు కిటికీ గది వచ్చింది.

8వ తేదీ

పటం దించి నేల మీద పరిచాను. ఎనిమిది తరాలు. నాలుగు బారల పొడుగు. మోకాళ్ళ మీద పాకుతూ కొమ్మకొమ్మా దులిపాను. ఎక్కడ చూసినా శుభ్రంగా ఉంది, ఒక్క పసిబిడ్డ చావు లేదు. ముందు తరాలవాళ్ళకి అది గర్వంగా ఉండేది. నాకూ ఉండేది.

పటం ఎందుకంత శుభ్రంగా ఉందో నాకు తెలుసు. ఇరవై ఒకటో రోజున బారసాల చేస్తాం, పేరు పెట్టాకే పటం ఎక్కిస్తాం. పేరు లేని బిడ్డకి కొమ్మ లేదు, ఇది మా గది నియమం. ఈలోగా పోయినవాళ్ళు పుట్టనట్టే. రెండిళ్ళ నెత్తురు కలవచ్చో లేదో చెప్పేది ఈ పటం. ఆ సంగతి చెప్పగలిగిన బిడ్డలేమో ఇందులో ఒక్కరూ లేరు. ఇంతకన్నా తెలివితక్కువ పని ఎవరైనా చేస్తారా అని ఇవాళ నన్ను నేనే అడుక్కున్నాను. చేశాం. నూట అరవై ఏళ్ళు వరసగా చేశాం.

అడుగు పెట్టెలోంచి నా చిన్ననాటి అభ్యాసం కాగితాలు తీశాను. పని నేర్చుకునే రోజుల్లో మాస్టారు మాచేత పాత భూమి మీది రాజుల పటాలు ఎత్తి రాయించేవారు. ఐరోపా రాజులు కూడా మాలాంటివాళ్ళే. రాజ్యాలు చేతులు మారకుండా వాళ్ళలో వాళ్ళే చేసుకున్నారు. స్పెయిన్ రాజొకాయన తన చెల్లెలి కూతుర్నే చేసుకున్నాడు. వాళ్ళకి పుట్టిన కార్లోస్‌కి అన్నం నమలడం కూడా కష్టమయ్యేదట. పిల్లలు లేకుండా పోయాడు, ఆ కొమ్మ అక్కడితో ఆగింది. దగ్గర సంబంధాలకి వాళ్ళకి మతపెద్ద పోపుగారి అనుమతి కావాలి. మాకు పోపు లేడు, పటం చదివి వేలిముద్ర వెయ్యడానికి నేనున్నాను.

ఆ కార్లోస్ పక్కన ఒక చిన్న గీత, దాని చివర అతని అక్క పేరు: మరియా అంబ్రోసియా. రెండు వారాలు బతికింది. అప్పట్లో నాకు నవ్వొచ్చింది.

"రెండు వారాల పిల్లకి ఇంత పేరా మాస్టారూ?" అని అడిగాను.

"వాళ్ళు పుట్టగానే నీళ్ళు చల్లి పేరు పెట్టేస్తారు. పటం నిండా ఈ పిలకలే. మన పటం చూడు, ఎంత ముచ్చటగా ఉంటుందో," అన్నారు.

ఆ రాజులు చేసిన పెళ్ళిళ్ళు తప్పే కావచ్చు. కానీ వాళ్ళ పటం అబద్ధమాడలేదు. ఎవరైనా ఆ పిలకలు చూస్తే ఏం జరుగుతోందో తెలుస్తుంది. నేను యాభై ఏళ్ళ కిందటే చూశాను, చూసి నవ్వాను.

9వ తేదీ

సువర్చల జల్లెడలు కడిగే గదిలో పని చేస్తుంది. అయిదేళ్ళలో నేను ఆ గదికి పోలేదు, నా జల్లెడ నేనే దులుపుకుంటాను. ఇవాళ వెళ్ళాను. మోచేతుల దాకా ఎర్రబురద. నన్ను చూసి లేవలేదు.

"చెప్పండి తాయారమ్మగారూ," అంది.

దాని నోట 'అత్తా' తప్ప నేను వేరే పిలుపు వినలేదు. అనిపించుకోవలసిన మాటే.

"వకుళని ప్రద్యుమ్నకి ఇస్తున్నారు," అన్నాను.

"తెలుసు. నిన్న అది స్వీటు పట్టుకొచ్చింది."

"పిల్లలిద్దరినీ పటం మీదికి ఎక్కిస్తాను సువర్చలా. అప్పుడు అందరికీ తెలుస్తుంది, పెళ్ళి ఆగుతుంది. పేర్లు కావాలి. నువ్వు పెట్టి ఉంటావు, నాకు తెలుసు."

జల్లెడ నీళ్ళలో ముంచి తీసి ఆరేసింది. ఇంకోటి తీసుకుంది.

"ఆ రోజు నేను అరుస్తూనే ఉన్నా, పాపని నాకివ్వమని. మీ ఒళ్ళోనే ఉంది. మీరు తలుపు వేసుకున్నారు," అంది. గొంతు పెంచలేదు. "పేర్లు మీకెందుకు చెప్తాను?"

నాలుగు జల్లెడలు ఆరేసి వచ్చాను.

11వ తేదీ

శేషారత్నంగారు పిలిపించారు. మంచం మీద దిండ్లకి ఆనుకుని ఉన్నారు.

"జల్లెడల గదికి ఎందుకెళ్ళావు?"

"చూసి చాలా రోజులైందండీ."

"నాకు డెబ్బై ఎనిమిది. నేను పోతే ఆ తలుపు తెరవడానికి వాడొక్కడే. వాడికేమైనా అయితే నాలుగు వందల మంది నాలికలు పిడచగట్టుకుని చస్తారు. నాకు వారసుడు కావాలి. నా తాపత్రయం నీకు అర్థం కాదు, నీకు పిల్లలు లేరు."

"బయట ఇంటి పిల్లని చేసుకున్నా ప్రద్యుమ్న బిడ్డకి నీటి గడప తెరుచుకోవచ్చు కదండీ. గాలి గడప ఒక్కటే రాదు."

అంత మాట అనగలనని నాకే తెలియదు. ఆవిడ దిండు సరిచేసుకున్నారు.

"ఆ కిటికీలోంచి ఎండ బాగా వస్తుందా తాయారూ?"

"వస్తుందండీ," అన్నాను. గదికి వచ్చి చాప మీద కూలబడ్డాను. ఎండ నిజంగానే మోకాళ్ళ మీదికి వచ్చింది, హాయిగా ఉంది. ఆ హాయి మీద నాకు అసహ్యం వేసింది, అయినా జరగలేదు.

13వ తేదీ

మళ్ళీ వెళ్ళాను. ఈసారి అడగడానికి కాదు. ఒక పక్కన కూర్చుని జల్లెడలు కడిగాను. అన్నాల వేళకి తనే నోరు విప్పింది.

"వకుళకి చెప్పాను. నమ్మలేదు. అక్కకి కుళ్ళు అనుకుంటోంది."

"పటం మీద ఉంటే నమ్ముతుంది," అన్నాను.

"అదేగా. మనిషి మాట కన్నా మీ పటం ఎక్కువ." చేతులు కడుక్కుంది. "ఒక షరతు. 'సంతు లేదు' అన్నది కొట్టెయ్యొద్దు. అలాగే ఉండనివ్వండి. దాని కింద ఎవరు రాశారో రాయండి. తెలిసి రాశారో, తెలియక రాశారో, అదీ రాయండి."

"రాస్తాను," అన్నాను.

అప్పుడు పేర్లు చెప్పింది. బాబు తారకం. పాప శమంత. బాబుకి చెవిలో చెప్పిందట, వాడు కళ్ళు తెరిచి చూశాడట. పాపకి చెప్పడానికి కుదరలేదు. తలుపు అవతలి నుంచి గట్టిగా అరిచి చెప్పిందట.

నేను విన్నాను ఆ అరుపు. ఏదో ఏడుస్తోంది అనుకున్నాను.

15వ తేదీ

రెండు కొమ్మలు గీశాను. తారకం, పదకొండు రోజులు. శమంత, పన్నెండు రోజులు. చెయ్యి బాగానే ఆడింది. 'సంతు లేదు' కింద ఖాళీ ఉంది. కుంచె ముంచాను, తీసి తుడిచాను. పటం చదివేటప్పుడు అదంతా ఎలా చదువుతాం, పెళ్ళి ఆగడం ముఖ్యం, తర్వాత రాయొచ్చులే అనుకున్నాను. ఇలాంటి 'తర్వాత'లు నాకు బాగా అలవాటు.

16వ తేదీ

సభ నిండింది. వకుళ పసుపు చీర కట్టుకుంది. ప్రద్యుమ్న పక్కన పీట మీద ఉన్నాడు. శేషారత్నంగారిని కుర్చీతో సహా మోసుకొచ్చారు. నేను పటం గోడకి వేలాడదీసి మొదటి తరం నుంచి చదివాను. జనం ఎప్పటిలా ఆవలించారు, పిల్లలు దొర్లారు.

"ఎనిమిదో తరం. గాలి గడప భుజంగరావు పెద్ద కూతురు సువర్చల. ఆమెకు తారకం. తొమ్మిదో రోజున గడప తెరుచుకుంది. పదకొండు రోజులు. ఆమెకు శమంత. తొమ్మిదో రోజున గడప తెరుచుకుంది. పన్నెండు రోజులు."

"ఆగు," అన్నారు శేషారత్నంగారు. "బారసాల కాని బిడ్డలకి పేర్లెక్కడివి?"

"నేను పెట్టాను అమ్మమ్మా," అంది సువర్చల గుమ్మం దగ్గరి నుంచి. చేతులకి ఇంకా బురద ఉంది.

"ఈ ఇద్దరి రక్తం కలవకూడదు," అన్నాను నేను. "సూది గుచ్చిన మర్నాడు నెత్తురు మళ్ళీ మొదలవుతుంది, ఇక ఆగదు. ఆ జబ్బు రెండు వైపుల నుంచీ వస్తేనే బిడ్డని పట్టుకుంటుంది. రెండు వైపులా ఉన్నది ఒకే ఇల్లు. వకుళ బిడ్డలకీ అదే భయం. నేను వేలిముద్ర వెయ్యను."

వకుళ అక్క వైపు తిరిగింది. దాని మొహంలో రంగు పోవడం నేను చూశాను.

ప్రద్యుమ్న పీట మీంచి లేచాడు. "పాప పేరు మళ్ళీ చెప్పండి," అన్నాడు.

"శమంత."

"శమంత," అన్నాడు. "తలుపు తెరుచుకుందా?"

"తెరుచుకుంది బాబూ. నేను చూశాను."

"చూసి?"

నేను పటం వైపు తిరిగి, చదవడానికి ఇంకేమైనా మిగిలిందేమో వెతికాను. ఏమీ మిగల్లేదు. అతను మెడలో దండ తీసి పీట మీద పెట్టి, జనం మధ్యలోంచి నడిచి వెళ్ళిపోయాడు. సువర్చల పక్కకి జరిగి దారి ఇచ్చింది. ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారో లేదో నాకు కనపడలేదు.

17వ తేదీ

పొద్దున్నుంచి నన్ను మెచ్చుకోవడానికి వస్తున్నారు. గుండె ధైర్యమంటే నీదే తాయారమ్మా అని ఒకావిడ బెల్లం పెట్టింది. వద్దనలేదు, తిన్నాను. వకుళ వచ్చి ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చింది. "నాకు ముందే ఎందుకు చెప్పలేదత్తా?" అంది. జడ వేస్తూ కూర్చున్నాను.

మధ్యాహ్నం నుంచి వచ్చినవాళ్ళు మెచ్చుకోవడానికి రాలేదు. గుమ్మంలో నిలబడి ఒక్కొక్కరు ఒక్కొక్క పేరు చెప్పారు. ఒకావిడ ఇద్దరివి చెప్పింది. ఒక ముసలాయన, చచ్చిపోయిన భార్య చెప్పిన పేరు గుర్తుంచుకుని వచ్చాడు. సాయంత్రానికి పద్నాలుగు. అందులో తొమ్మిది నేను పటం గదిలో ఉన్న కాలానివే. ఆ తొమ్మిదింటికీ గడప దగ్గర సాక్షిగా నిలబడ్డాను. ఒక్క ఇంటికీ మళ్ళీ వెళ్ళి బిడ్డ ఎలా ఉందని అడగలేదు.

చివరికి శేషారత్నంగారు వచ్చారు, కర్ర పట్టుకుని, ఒక్కరే. గది ఖాళీ చెయ్యమంటారనుకున్నాను. ఆవిడ కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డారు, మొదటిసారి.

"ప్రద్యుమ్న నాన్న కన్నా ముందు ఒకడు," అన్నారు బయటికి చూస్తూ. "పది రోజులు."

"పేరు చెప్పండి."

"పెట్టలేదు. పెట్టడానికి భయమేసింది."

గీత గీసి, చివర 'పేరు పెట్టలేదు, పది రోజులు' అని రాశాను. ఆవిడ చూసుకుని వెళ్ళిపోయారు. గది సంగతి ఎత్తలేదు.

19వ తేదీ

పొద్దున జల్లెడ దులిపాను. సువర్చల వచ్చింది. కిటికీ వైపు వెళ్ళలేదు. తిన్నగా పటం ముందు నిలబడి పైనుంచి కిందికి చదివింది. కొత్త పిలకలన్నీ చదివింది, తన పిల్లల దగ్గర వేలు పెట్టి ఆగింది. తర్వాత 'సంతు లేదు' దగ్గరికి వచ్చింది. దాని కింద ఖాళీయే.

రంగు అయిపోయిందని చెప్పడానికి నోరు తెరిచాను. జల్లెడ దుమ్ము ఇంకా పళ్ళెంలోనే ఉంది, తనకి ఎదురుగానే.

తను పీట లాక్కుని కూర్చుంది.

దుమ్ములో జిగురు పోసి కలిపాను. ఒక చేత్తో ఇంకో చెయ్యి పట్టుకుని రాశాను.

రాసింది తాయారు. తెలిసే రాసింది.

"రాశాను," అన్నాను. తను లేచి వచ్చి చదివింది. ఒక్కసారి చూపుడువేలు దగ్గరగా పెట్టి, తడిగా ఉందని వెనక్కి తీసుకుంది.

"నువ్వెళ్ళమ్మా, పనికి ఆలస్యమవుతుంది," అన్నాను.

"ఆరనివ్వండి," అని పీట మీద మళ్ళీ కూర్చుంది. రంగు ఆరేదాకా కదల్లేదు.